లాలాజలంలో కార్టిసాల్: రెండు రిపోర్టులు, ఒక మాత్రల సీసా

ఆమె నా గదిలోకి వచ్చేటప్పటికే చేతిలో రెండు ల్యాబ్ రిపోర్టులున్నాయి. రెండూ లాలాజలం పరీక్షలవే, వాటి మధ్య తేడా పదకొండు వారాలు. మొదటిదాంట్లో ఉదయం కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తక్కువగా ఉందనీ, దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయనీ రాసి ఉంది. రెండోదాంట్లో రాత్రి అంకె ఎర్ర రంగులో, ఉండాల్సిన హద్దు దాటి ఉంది.

"డాక్టర్ గారూ, మొదట గ్రంథులు అలసిపోయాయన్నారు. ఇప్పుడేమో హార్మోన్ ఎక్కువైందంటున్నారు. అసలు నాకేమవుతోంది?" అని అడిగారు.

నేను ఉద్యోగుల ఆరోగ్యం చూసే డాక్టర్‌ని. స్ట్రెస్‌కి లాలాజలం పరీక్ష చేయించుకుని, ఆ కాగితం పట్టుకుని వచ్చేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఈ ఒక్క కేసులో ఆ పరీక్ష బలం, బలహీనత రెండూ కనిపించాయి కాబట్టి పూర్తిగా రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

ఆమె వయసు 41. అత్యవసర సేవలకు వచ్చే ఫోన్లు తీసుకునే డెస్క్‌లో తొమ్మిదేళ్లుగా పని. ఎనిమిది నెలలుగా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ సరిగ్గా నిద్ర పట్టదు. ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా గుండె దడ. చెప్పిన మాట ఐదు నిమిషాల్లో మర్చిపోవడం, పిల్లల మీద విసుక్కోవడం, తర్వాత బాధపడడం. ఆ ఎనిమిది నెలల వెనక ఒక కాల్ ఉందని మాత్రం మూడో విజిట్‌లో గానీ చెప్పలేదు. దాని గురించి తర్వాత రాస్తాను.

కార్టిసాల్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మెదడులోని హైపోథలమస్ అనే భాగం పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథులకు పంపుతుంది, అవి కార్టిసాల్ వదులుతాయి. రక్తంలో దీనిలో 90 శాతం పైగా ప్రోటీన్లకు అతుక్కుని తిరుగుతుంది. అతుక్కోకుండా విడిగా ఉన్న కొద్ది భాగమే కణాల మీద పనిచేస్తుంది, అదే లాలాజలంలోకి దిగుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లలో ఆ ప్రోటీన్ పెరిగి రక్తపరీక్షలో మొత్తం కార్టిసాల్ ఎక్కువ కనిపిస్తుంది. లాలాజలంలో ఆ గందరగోళం చాలావరకు ఉండదు. సూది లేదు, ఇంట్లోనే తీసుకోవచ్చు, రోజులో ఆరేడు సార్లయినా తీసుకోవచ్చు. ఈ కారణాల వల్లే పరిశోధకులు లాలాజలాన్ని ఇష్టపడ్డారు.

ఒత్తిడికి కార్టిసాల్ పెరుగుతుందన్నది కూడా గట్టి విషయమే. 1993లో జర్మనీలోని ట్రయర్‌లో ఒక పరీక్ష తయారుచేశారు. ముఖంలో ఏ భావమూ చూపించని కొందరి ముందు నిలబడి ప్రసంగించాలి, తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి లెక్క చెప్పాలి, తప్పితే మళ్లీ మొదటినుంచి. అది అయ్యాక పది, ఇరవై నిమిషాలకు చాలామందిలో లాలాజలంలోని కార్టిసాల్ బాగా ఎగబాకుతుంది. అయితే అది కొన్ని నిమిషాల టెన్షన్, పైగా గుంపుల సగటు. నెలల తరబడి లోపల నలిగే మనిషి విషయం వేరు. ఒత్తిడి కొత్తగా మొదలైనప్పుడు కార్టిసాల్ ఎక్కువగా ఉండి, అది సాగుతున్నకొద్దీ తగ్గే ధోరణి ఉందని 2007లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి తేల్చింది. అంటే ఒకే కష్టం ఒకరిలో అంకెను పెంచవచ్చు, ఇంకొకరిలో తగ్గించవచ్చు. ఒక్క అంకె చూసి "మీకు స్ట్రెస్ ఇంత" అనడానికి నాకు మనసు ఒప్పదు.

మొదటి రిపోర్టు

అందులో నాలుగు ట్యూబులు: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ఉదయం అంకె లీటరుకు 5.2 నానోమోల్స్. పక్కన ఇచ్చిన మామూలు హద్దుకు అది బాగా కింద ఉంది.

"ఉదయం ట్యూబు ఎన్నింటికి తీసుకున్నారు?" అని అడిగాను.

"తొమ్మిదింటికి. ఆఫీసుకెళ్లాక తీరిక దొరికింది."

"ఆ రోజు నిద్ర లేచింది?"

"ఐదున్నరకి."

విషయం అక్కడే తేలిపోయింది. కార్టిసాల్ నిద్ర లేచిన క్షణం నుంచి ఎగబాకుతుంది. 30 నుంచి 45 నిమిషాల్లో శిఖరానికి చేరుతుంది, ఆ పెరుగుదల చాలామందిలో సగానికి పైనే ఉంటుంది. తర్వాత దిగడం మొదలుపెట్టి, పడుకున్న తొలి గంటల్లో అట్టడుగుకు చేరుతుంది. లేచిన మూడున్నర గంటలకు తీసిన శాంపిల్‌ని, లేచిన గంటలోపు తీసినవాటి హద్దులతో పోల్చారు. ఆ వేళకు 5.2 అన్నది నాకు పూర్తిగా మామూలు అంకె. ట్యూబు మీద "ఉదయం" అని అచ్చు వేశారే గానీ, లేచిన టైమ్ రాయడానికి చోటే పెట్టలేదు. ఆమె తప్పు ఇందులో ఒక్క రవ్వ కూడా లేదు.

"అడ్రినల్ అలసట" గురించి కూడా చెప్పాలి. హార్మోన్ల వైద్యంలో అలాంటి జబ్బు లేదు. దాని మీద వచ్చిన పరిశోధనలన్నీ ఏరి చూసిన 2016 నాటి సమీక్ష కూడా అందుకు ఆధారం దొరకలేదనే చెప్పింది. అడ్రినల్ గ్రంథులు నిజంగా పనిచేయని జబ్బు వేరే ఉంది, దాన్ని అడిసన్స్ వ్యాధి అంటారు. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు, దాన్ని తేల్చే పద్ధతులు వేరు. ఆమె అలసట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. అలసటకు తప్పు పేరు పెట్టారంటే, అలసటే అబద్ధమన్నట్టు వినిపించకూడదని ఈ మాట చెప్పేటప్పుడు నేను చాలా జాగ్రత్త పడతాను. అలసిపోయి వచ్చిన మనిషికి ముందు, ఆ అలసటను నమ్ముతున్నామన్న భరోసా ఇవ్వాలి.

ఆ రిపోర్టులో ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ అంకెతో ఒక "స్ట్రెస్ స్కోరు" కూడా ఉంది. భయం వేసినప్పుడు గుండె దడ పుట్టించే సింపథెటిక్ నాడుల హడావిడిని అది కార్టిసాల్ కంటే త్వరగా, నిమిషాల్లోనే చూపిస్తుంది. కానీ నిద్ర లేచాక అది తగ్గి, రోజు గడిచేకొద్దీ పెరుగుతుంది, అంటే కార్టిసాల్‌కి దాదాపు ఎదురు నడక. నమిలినా తిన్నా మారిపోతుంది. రోజుకొక్క అంకెతో స్కోరు వేయడంలో అర్థం లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాను.

రెండో రిపోర్టు

ఇది నన్ను కంగారు పెట్టింది. రాత్రి పదకొండింటి అంకె 5.6. రాత్రి పూట లాలాజలంలో కార్టిసాల్ హద్దు మీరి ఉంటే మేము ముందు కుషింగ్ సిండ్రోమ్ గురించి ఆలోచిస్తాం. శరీరం అదేపనిగా కార్టిసాల్ ఎక్కువ తయారుచేసే జబ్బు అది. లాలాజలం పరీక్షకు వైద్యంలో స్థిరమైన చోటు ఉన్నది నిజానికి ఇక్కడే. అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2008 మార్గదర్శకాల్లోనే దీన్ని తొలి పరీక్షల్లో ఒకటిగా చేర్చింది, కనీసం రెండు రాత్రులు చూడాలని కూడా చెప్పింది.

పరీక్షగా చూశాను. పొట్ట మీద ఊదా రంగు చారలు లేవు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవగలుగుతున్నారు. ఊరికే చర్మం కమిలిపోవడం లేదు. కానీ బీపీ 156/98. ఏడాది కిందటి ఆఫీసు చెకప్‌లో 118/76 ఉంది.

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అప్పటికే అడిగాను. "ఏమీ లేవండీ" అన్నారు. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు, ఇన్‌హేలర్లు, ముక్కులో స్ప్రేలు అని పేరుపేరునా అడిగాను, అవీ లేవు. హైడ్రోకార్టిసోన్ క్రీమ్ రాసుకున్న చేత్తో ట్యూబు ముట్టుకున్నా అంకె ఆకాశానికి వెళ్లిపోతుంది, అందుకని ఆ ప్రశ్న ఎప్పుడూ వదలను. అయినా అడగాల్సిన విధంగా అడగలేదని మర్నాడు తెలిసింది.

మర్నాడు రక్తపరీక్షలో పొటాషియం 3.2 వచ్చింది, అంటే తక్కువ. బీపీ ఎక్కువ, పొటాషియం తక్కువ, రాత్రి కార్టిసాల్ ఎక్కువ. మూడూ కలిపి చూడగానే ఫోన్ చేశాను. ఈసారి ప్రశ్న మార్చాను: "మందులని కాదు, రోజూ నోట్లో వేసుకునేవి ఏమైనా ఉన్నాయా? బలానికి, నిద్రకి, స్ట్రెస్‌కి?"

"ఆ, అవా! మొదటి రిపోర్టు వచ్చాక అడ్రినల్స్‌కి బలం అని తెప్పించుకున్నాను. మూలికలే కదా. పది వారాలుగా రోజుకి నాలుగు."

సాయంత్రం సీసా తీసుకొచ్చారు. లేబుల్ మీది అక్షరాలు ఎంత సన్నగా ఉన్నాయంటే కళ్లజోడు తీసి దగ్గరగా పెట్టుకుని చదవాల్సి వచ్చింది. ఐదో పదార్థం అతిమధురం వేరు సారం.

అతిమధురంలో గ్లైసిరైజిన్ ఉంటుంది. మన మూత్రపిండాల్లో, లాలాజల గ్రంథుల్లో ఒక ఎంజైమ్ కార్టిసాల్‌ని కార్టిజోన్‌గా మార్చి దాని జోరు తగ్గిస్తూ ఉంటుంది. ఆ ఎంజైమ్‌ని గ్లైసిరైజిన్ పనిచేయనివ్వదు. మూత్రపిండాల్లో అలా జరిగితే కార్టిసాల్ వెళ్లి ఆల్డోస్టిరోన్ అనే మరో హార్మోన్ పని చేసేస్తుంది: ఉప్పు ఒంట్లో నిలిచిపోతుంది, పొటాషియం బయటికి పోతుంది, బీపీ ఎక్కుతుంది. లాలాజల గ్రంథుల్లో జరిగితే కార్టిజోన్‌గా మారాల్సిన కార్టిసాల్ మారకుండానే ఉమ్మిలోకి వస్తుంది. అడ్రినల్ గ్రంథులు ఒక్క బొట్టు ఎక్కువ చేయకపోయినా అంకె పెరుగుతుంది.

ఇదంతా నా ఊహ కాదని తేల్చుకోవాలి. ఆ రాత్రికే ఒక శాంపిల్ తీయించి, కార్టిసాల్, కార్టిజోన్ రెండింటినీ విడివిడిగా కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ ఉన్న ల్యాబ్‌కి పంపాను. మామూలుగా లాలాజలంలో కార్టిజోనే ఎక్కువ, కార్టిసాల్‌కి కొన్ని రెట్లు ఉంటుంది. ఆమె శాంపిల్‌లో కార్టిసాల్ 4.6, కార్టిజోన్ 2.3. తలకిందులు. ఒంట్లో ఉప్పు, బీపీల లెక్క చూసే రెనిన్, ఆల్డోస్టిరోన్ రెండూ అణిగి ఉన్నాయి. కొన్నాళ్లు పొటాషియం ఇచ్చాం. మాత్రలు ఆ రోజుతో ఆగిపోయాయి.

ఆరు వారాలు ఆగాం. ఆ తర్వాత రెండు వేర్వేరు రాత్రులు, ముందు రోజు లేట్ షిఫ్ట్ లేకుండా చూసుకుని మళ్లీ తీశాం. కార్టిసాల్ 1.2, 1.5. కార్టిజోన్ 5.4, 6.0. పొటాషియం 4.1, బీపీ 126/82. కుషింగ్ లేదు, అడ్రినల్ అలసటా లేదు.

ఆ పదకొండు వారాల గొలుసు తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. టైమ్ రాయించుకోని ఒక ట్యూబు ఒక జబ్బు పేరు ఇచ్చింది. ఆ పేరు మాత్రలు మింగించింది. ఆ మాత్రలు బీపీ పెంచి, రెండో రిపోర్టులో ఇంకో జబ్బుని పుట్టించాయి. ఇలాంటి "అడ్రినల్ బలం" మాత్రలు కొన్నిటిలో థైరాయిడ్ హార్మోన్, స్టెరాయిడ్లు కూడా బయటపడ్డాయని 2018లో వచ్చిన ఒక పరిశీలన చూపింది. ఆమె సీసాలో అతిమధురమే ఉండడం ఒక రకంగా నయం.

మరి నిజమైన ఒత్తిడి?

అంకెలు మామూలుగా వచ్చాయని చెబితే ఆమె మొహంలో తేలిక కనిపించలేదు. "అయితే నాకేమీ లేదంటారా? ఇదంతా నేను ఊహించుకుంటున్నానా?" అన్నారు. కార్టిసాల్ మామూలుగా ఉన్నంత మాత్రాన ఒత్తిడి లేదని కాదని చెప్పాను. పది ప్రశ్నలున్న, 40కి లెక్కేసే పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ ఇచ్చాను. ఆమెకి 29 వచ్చింది, అది చాలా ఎక్కువ. ప్రశ్నలకు మనిషి ఇచ్చే జవాబులకీ లాలాజలంలోని అంకెలకీ పొంతన చాలా తక్కువని పరిశోధనలు పదేపదే చెబుతూనే ఉన్నాయి. ఆ రెండిట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే నేను మనిషి మాటే వింటాను.

అప్పుడే ఆ కాల్ గురించి చెప్పారు. ఒక చిన్నపిల్లాడు, ఇంట్లో పడిపోయిన వాళ్లమ్మ. అంబులెన్స్ చేరేదాకా పదకొండు నిమిషాలు ఆ పిల్లాడితో మాట్లాడుతూనే ఉన్నారట. లైన్ కట్ అయిన నలభై సెకన్లకు తర్వాతి ఫోన్ మోగింది, ఎత్తారు. అటు తర్వాత ఏమైందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చికిత్స మొదలుపెట్టే ముందు, లాలాజలం సరిగ్గా తీస్తే ఏం కనిపిస్తుందో చూడాలని ఇద్దరం అనుకున్నాం. ఇది పరీక్షగా కాదు, గమనింపుగా మాత్రమేనని ముందే చెప్పాను. రెండు పని రోజులు, రెండు సెలవు రోజులు. నిద్ర లేవగానే ఒకటి, 30 నిమిషాలకు, 45 నిమిషాలకు, పడుకునే ముందు ఒకటి.

తీసే తీరు గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే చాలా రిపోర్టులు ఇక్కడే పాడవుతాయి. ట్యూబులు తలగడ పక్కనే ఉండాలి. కళ్లు తెరిచిన టైమ్ ముందు రాయాలి, తర్వాతే కాళ్లు నేల మీద పెట్టాలి. 45 నిమిషాల ట్యూబు అయ్యేదాకా బ్రష్ చేయకూడదు, కాఫీ టీలు తాగకూడదు, మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు. చిగుళ్లలోంచి రక్తం వస్తే ఆ శాంపిల్ పనికిరాదు. తల కొంచెం వంచి, నోట్లో ఊరినదాన్ని చిన్న గొట్టం గుండా ట్యూబులోకి జారనివ్వాలి, కాండ్రించి ఉమ్మకూడదు. నురుగు లెక్కలోకి రాదు, ద్రవం ఒక మిల్లీలీటరు గీతను తాకాలి. తెల్లారి నోరెండిపోయి ఉన్నవాళ్లకు దానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, ఆ కాసేపు చాలా పొడుగ్గా అనిపిస్తుంది. తర్వాత ఫ్రీజర్‌లో పెట్టాలి. ల్యాబ్‌లో గడ్డకట్టిన శాంపిల్‌ని కరిగించి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే జిగురు అడుగుకి చేరి పైన తేట మిగులుతుంది, కొలిచేది ఆ తేటనే.

ట్యూబులుంచే సీసాకి, తెరిచిన టైమ్‌ని తనంతట తానే నమోదు చేసే మూత వాడాం. చేతికి కదలికలు నమోదు చేసే వాచీ కూడా పెట్టాం. లేచాక వచ్చే ఈ పెరుగుదలను కొలిచేవాళ్లకు 2016లో నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా టైమ్‌ని ఇలా యంత్రంతోనే సరిచూడమంటాయి. అది ఎంత అవసరమో మొదటి పని రోజే తెలిసింది. ఆమె కాగితం మీద "లేచింది 5:30, మొదటి ట్యూబు 5:30" అని రాశారు. వాచీ 5:10 అంటోంది, మూత తెరిచింది 5:32కి. చూపిస్తే ఆశ్చర్యపోయారు. మూడింటికి మెలకువ వచ్చి, మళ్లీ కునుకు పట్టి, కళ్లు మూసుకునే పడుకుని ఉన్న ఆ ఇరవై నిమిషాలు ఆమె లెక్కలో నిద్ర. అబద్ధం చెప్పలేదు, అసలు అలాగే అనిపించింది ఆమెకి. ఆ రోజుని తీసేసి ఇంకో రోజు చేశాం.

పని రోజుల సగటు 9.4 నుంచి 30 నిమిషాలకు 16.3. సెలవు రోజుల్లో 8.9 నుంచి 12.4. పని రోజు పొద్దున పెరుగుదల ఎక్కువగా ఉండడం చాలామందిలో చూసే సంగతే, రాబోయే రోజు కోసం శరీరం ముందుగా సిద్ధపడడం అని దానికి ఒక వివరణ. ఆమెని కదిలించింది మాత్రం ఇంకొకటి. లేట్ షిఫ్ట్ రాత్రి పదింటికి అయిపోయి, మర్నాడు ఉదయం ఆరింటికే డ్యూటీ ఉన్న రోజు పడుకునే ముందు అంకె 2.9. మిగతా రాత్రులు 1.1, 1.3, 1.4. ఒక్క రాత్రి అంకె అది, దానిమీద నేను పెద్ద మేడ కట్టను. కానీ రెండు షిఫ్టుల మధ్య ఎనిమిదే గంటలు ఉన్నాయన్నది అంకెతో సంబంధం లేని నిజం. దాన్ని గురించి ఆమె మేనేజర్‌తో మాట్లాడడానికి ఆ కాగితం ధైర్యమిచ్చింది.

చికిత్సలో అద్భుతాలేమీ లేవు. నిద్రలేమికి, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స ఆరు వారాలు. ఆ కాల్ గురించి ఒక సైకాలజిస్ట్‌తో విడిగా కౌన్సెలింగ్. రెండు షిఫ్టుల మధ్య కనీసం పదకొండు గంటలు ఉండేలా నేను రాసిచ్చిన ఉత్తరాన్ని ఆఫీసు ఒప్పుకుంది. బరువైన కాల్ తర్వాత పావుగంట లైన్ నుంచి తప్పుకునే వీలు కూడా కల్పించారు, అది ఆమె ఒక్కరికే కాక మొత్తం డెస్క్‌కి.

పన్నెండు వారాలకు స్ట్రెస్ స్కేల్ 29 నుంచి 16కి వచ్చింది. వారంలో ఐదు రోజులు ఐదింటిదాకా నిద్ర పడుతోంది. ఫోన్ మోగితే దడ తగ్గింది, పూర్తిగా పోలేదు. మళ్లీ అదే పద్ధతిలో లాలాజలం తీశాం. పని రోజుల సగటు 9.1 నుంచి 15.5. సెలవు రోజుల్లో 9.3 నుంచి 12.9. అంటే దాదాపు కదల్లేదు. ఒకే మనిషిలో రోజుకీ రోజుకీ వచ్చే తేడా దీనికంటే ఎక్కువే ఉంటుంది.

ఆ అంకెలు దాచకుండా ఆమె ముందు పెట్టాను. కాసేపు చూసి, "ఇవి చూస్తే నేనేం మారలేదు కదా డాక్టర్ గారూ" అన్నారు. "మరి మీకెలా ఉంది?" అన్నాను. "మారాను" అన్నారు. కేసు ఫైల్లో ఆమె జవాబునే ఫలితంగా రాశాను, అంకెల్ని దాని కింద రాశాను.

ఏడాదికోసారి లాలాజలం పరీక్ష చేయించుకోమంటారా అని అడిగితే వద్దన్నాను. మూడు నెలలకోసారి బీపీ, నిద్ర డైరీ, ఆ పది ప్రశ్నలు చాలు. మా క్లినిక్ ఫారంలో "ఏ మందులు వాడుతున్నారు?" అన్న గడి కింద ఇప్పుడు ఇంకో గడి ఉంది: "మందు కాదనుకుని రోజూ వేసుకునేవి ఏమిటి? సీసా తీసుకురండి." లాలాజలం ట్యూబుల కాగితం మీద "ఉదయం" అన్న మాట తీసేసి, "కళ్లు తెరిచిన టైమ్" అనీ "మూత తెరిచిన టైమ్" అనీ రెండు ఖాళీలు పెట్టాం. రెండూ నింపని శాంపిల్‌ని ల్యాబ్‌కి పంపడం లేదు.